సవ్వాతీ మింగిన బంగారు ఐదు

రష్యాలోని తోర్జోక్‌ ఊళ్లో ఫెవ్రోన్యా లుకీనిష్నాది మా గోడ పక్క ఇల్లు. మొగుడు పోయాక అతని కత్తీ సూదులూ తీసుకుని తనే తోలుపని మొదలుపెట్టింది. నోట్లు నలగకుండా పెట్టుకునే పల్చటి పర్సులు కుట్టేది. అక్షరం ముక్క రాదు గాని డబ్బు దగ్గర ఆమెను మోసం చేయడం ఎవరి తరమూ కాదు. పచ్చ కాగితం మూడు రూబుళ్లు, నీలం ఐదు, ఎరుపు పది. రంగు చూసి చెప్పేసేది.

అలాంటి రోజుల్లో సర్కారు బంగారు నాణేలు దింపింది. ఖజానాలో కాగితం అడిగితే బంగారమో వెండో చేతిలో పోసేవారు. జనం మురిసిపోవాల్సింది పోయి మొహం చిట్లించుకున్నారు. బంగారం మరీ చిన్నది, మంచులో పడిందా ఇక దొరకదు. వెండి బరువుకు జేబులు చిరిగిపోయేవి. పైగా ఆ లెక్కొకటి. తాతల నాటి బంగారు నాణెం మీద ఐదని ఉన్నా ఇప్పుడు ఏడున్నరకు చెల్లుతుంది. కొత్తది అంతకంటే చిన్నది, ఐదుకే చెల్లుతుంది.

"రెండింటి మీదా ఐదే ఉందంటున్నారు కదే, మరి పాతది ఏడున్నరెలా అయింది? పెట్టెలో పడుకుని పిల్లల్ని పెట్టిందా?" అని ఫెవ్రోన్యా మా అమ్మను అడిగింది.

నోట్లు తగ్గేసరికి నోట్ల పర్సులు అడిగేవాళ్లూ తగ్గారు. మంచు కరిగే రోజుల్లో ఒక వర్తకుడు మిగిలిన సరుకంతా చవగ్గా ఎత్తుకుని, ఆమె అరచేతిలో కొత్త బంగారు ఐదు పెట్టి వెళ్లాడు. పిండి కొట్టువాడు చిల్లర లేదని దాన్ని తిప్పి ఇచ్చేశాడు. దాంతో ఆమె పక్కవీధి సవ్వాతీ గుర్రబ్బండెక్కి ఖజానాకు వెళ్లి నీలం కాగితం ఇమ్మంది. అక్కడి గుమాస్తా కాగితం లేదు, కావాలంటే వెండి తీసుకోమన్నాడు. ఆ బరువు తనకెందుకని, బంగారంతోనే చిరచిరలాడుతూ వచ్చి బండెక్కింది.

సగం దారిలో చూసుకుంటే జేబుకు చిల్లు. నాణేన్ని సవ్వాతీకిచ్చి దాచమంది. మా ఊరి బండివాళ్లకు ఒక అలవాటుంది. చేతుల్లో కళ్లేలుంటాయి కనుక చిల్లర బుగ్గన పెట్టుకుంటారు. సవ్వాతీ కూడా అదే చేశాడు. వంతెన దిగగానే చక్రం గోతిలో పడింది. అతను బండి ఆపి వెనక్కి తిరిగాడు.

"లుకీనిష్నా, ఒక మాట చెప్తాను, కోప్పడకు."

"ముందు బుగ్గలోది ఇచ్చి, తర్వాత చెప్పు."

"ఆ మాటే చెప్దామని."

"మింగేశావా?"

"నేను మింగలేదు. రోడ్డే మింగించింది."

ఆమె తిట్టని తిట్టు లేదు. బదులిద్దామంటే అతని దగ్గర రాగి నాణేలు తప్ప ఏమీ లేదు. వైద్యుడి సహాయకుడు సవ్వాతీ పొట్ట తడిమి, గంజి బాగా తిని కాస్త తిరుగుతూ ఉంటే చాలన్నాడు. ఫెవ్రోన్యాకు మాత్రం నమ్మకం కుదరలేదు. ఆ కడుపు తన కళ్లెదుటే ఉండాలంది. అలా సవ్వాతీ పూటపూటా ఆమె బల్ల దగ్గర కూర్చుని క్యాబేజీ సూప్, జావ, నల్ల రొట్టె తిన్నాడు. భార్య పోయిన దగ్గర్నుంచీ బండి మీదే చల్లటి తిండి తింటున్న మనిషి. ఎంత పెట్టినా వద్దనలేదు.

వీధిలో వాళ్లకు ఇదొక పండగ. నాణెం మీద జార్ చక్రవర్తి బొమ్మ ఉంటుంది కనుక, దొరవారు బయటికి వేంచేశారా అని గోడ మీంచి అడిగేవారు. చివరికి పోలీసువాడే వచ్చి, "లోపలున్నది ఎవరి బొమ్మో తెలుసుగా, నోళ్లు జాగ్రత్త" అని గదమాయించి, గుమ్మం దాటాక తనూ నవ్వుకున్నాడు. మొగుడు పోయాక మళ్లీ అప్పుడే ఫెవ్రోన్యా నవ్వు గోడ ఇవతలికి వినబడిందని మా అమ్మ అనేది.

నాణెం వచ్చింది. సవ్వాతీ దాన్ని బూడిదతో, ఇసుకతో, వెనిగర్‌తో తోమి, గుడ్డ మీద పెట్టి తెచ్చిచ్చాడు. మర్నాడు మధ్యాహ్నం మళ్లీ వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు.

"ఇవాళెందుకొచ్చావు?" అందామె.

"అలవాటైపోయింది."

ఆమె అతని ముందు గిన్నె పెట్టింది. తర్వాత మిగిలిన తోలు ముక్కలు తీసి, మెడకు వేలాడే గట్టి సంచి ఒకటి కుట్టింది. బంగారానికి ఇరుకైన అర, వెండికి వెడల్పాటిది, రాగికి అడుగున ఇంకోటి. చీకట్లో వేలు పెట్టినా ఏది ఎక్కడుందో తెలుస్తుంది. "ఇక నోట్లో తిండి తప్ప ఏదీ పెట్టకు" అని దాన్ని అతని మెడలో వేసింది.

వారం తిరిగేసరికి బండివాళ్లందరికీ అదే కావాలి. తర్వాత చేపలమ్మే ఆడవాళ్లు, ఆపైన వర్తకులు. పాత ఐదుకూ కొత్త ఐదుకూ వేర్వేరు అరలు కావాలని కొందరు అడిగితే, ఆమె విసుక్కుంటూనే కుట్టిచ్చింది. ఎండాకాలానికి ఇద్దరు ఆడపిల్లల్ని పనిలో పెట్టుకుంది.

ఆపిళ్లు పండే రోజుల్లో వాళ్ల పెళ్లయింది. సవ్వాతీ తన గుర్రంతో సహా ఆ ఇంటికే వచ్చేశాడు. గుర్రానికి పాకలో చోటు చాలక తోలు ఆరేసే కొట్టం సగం ఖాళీ చేశారు. తెల్లారి చూస్తే గుర్రం రెండు సంచుల పట్టీలు నమిలేసింది. ఫెవ్రోన్యా దాని ముందు నడుం మీద చెయ్యేసుకుని నిలబడి, మీ ఇంటివాళ్లంతా దొరికిందల్లా మింగేయడమేనా అని అడుగుతుంటే, సవ్వాతీ గుమ్మంలో నిలబడి టీ తాగుతూ ఏమీ ఎరగనట్టు ఆకాశం చూస్తున్నాడు.