స్క్రిప్టులో అక్క నంబరు

అక్క పోయిన సంగతి నాకు వాళ్ళింటి వాళ్ళు చెప్పలేదు, ఆఫీసు వాళ్ళూ చెప్పలేదు. యాచారం వైపు చిన్న రక్తపరీక్షల ల్యాబు నడిపే టెక్నీషియన్ చెప్పాడు. పొద్దున్నే మా సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ ఎక్కించబోతే అతని కంప్యూటర్ ఒప్పుకోలేదట. తెర మీద కనపడిన అక్క నంబరుకు ఫోన్ చేస్తే ఎవరో మగమనిషి ఎత్తి, ఆమె నిన్న సాయంత్రం చనిపోయిందని చెప్పాడట. అప్పుడు ఆఫీసుకు చేస్తే నాకు కలిపారు. "గిప్పుడు నేనేం చెయ్యాలె సార్?" అని అడిగాడు. అతని తప్పేమీ లేదు. ఆ నంబరు అప్పటికి ఆ తెర మీద ఉండకూడదు. ఉందంటే దానికి కారణం నేను.

అక్క నాకు చుట్టం కాదు. ఇద్దరిదీ ఇబ్రహీంపట్నమే, ఇద్దరం ఎల్బీనగర్‌లో ఒకే చిన్న కంపెనీలో పనిచేసేవాళ్ళం. ల్యాబులు రిపోర్టులు తయారు చేసుకునే సాఫ్ట్‌వేర్ మాది. ఆఫీసులో అందరూ ఆమెను మేడమ్ అంటే, రోజూ ఒకే బస్సులో పోయి వచ్చే నేను అక్కా అనేవాణ్ణి. ఆమె నన్ను తమ్మీ అనేది.

ఆమె పని ఎవరూ ఇష్టపడి చేసేది కాదు. కొత్త వెర్షన్ ఎక్కించే ముందు ఆ కంప్యూటర్ దాన్ని మోయగలదా లేదా అని చూసే స్క్రిప్టు, అంటే చిన్న ప్రోగ్రాం, రాయడం. విండోస్ ఏ కాలం నాటిది, మెమరీ ఎంత, డిస్కులో ఖాళీ ఎంత అని ఒక్కొక్కటే అడిగి, అన్నీ సరిపోతేనే ముందుకు పోవాలి. ఒక్కటి తక్కువైనా దేన్నీ కదపకుండా ఆగిపోవాలి. బాగా నడిచినన్నాళ్ళు అలాంటి పని ఒకటుందని కూడా ఎవరికీ తెలియదు. "అడగకుండ ముట్టుకోవద్దు తమ్మీ" అని బస్సులో ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు.

నేను చేరిన మొదటి ఏడు వానాకాలంలో ఒక స్క్రిప్టు నా చేతికి వచ్చింది. తొందరలో వరుస తారుమారు చేశాను. పాత వెర్షన్ తీసేయడం ముందు పెట్టి, అడగడం తర్వాత పెట్టాను. నా కంప్యూటర్ కొత్తది కాబట్టి నా దగ్గర అంతా చక్కగా నడిచింది. మంచాల వైపు ఒక ల్యాబులో మాత్రం పాతది పోయింది, కొత్తది రానన్నది. డెంగీ జ్వరాల రోజులు. అక్క నన్ను కేకలేయలేదు. బస్సెక్కించి ఆ ల్యాబుకు తీసుకుపోయి, రోగుల బెంచీ మీద కూర్చోమంది. ఆమె పాత వెర్షన్ మళ్ళీ ఎక్కించే దాకా మధ్యాహ్నం వరకు నేనక్కడే ఉన్నాను. టెక్నీషియన్ రిపోర్టులు చేత్తో రాసిస్తున్నాడు. ఒకామె తన కొడుకు ప్లేట్‌లెట్ల కాగితం నా ముందు పెట్టి, "గిది ఎన్ని వేలు సారూ, యాభైయా ఎనభైయా?" అని అడిగింది. ఆ చేతిరాత నాకూ అర్థం కాలేదు. అంత సిగ్గు నాకు జీవితంలో మళ్ళీ కలగలేదు. కాదు, ఇంకొకసారి కలిగింది. అది చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ఆ తర్వాత అక్క ఒక ల్యాబులో మూలకు పడేసిన కంప్యూటర్‌ను ఇంటికి తెచ్చి, కుట్టుమిషను బల్ల మీద పెట్టుకుంది. దానికి ముసల్ది అని పేరు పెట్టింది. ఏ స్క్రిప్టయినా ముందు ముసల్దాని మీద నడవాలి. "నీకంటె నయం. ఏది చెప్పినా ఎగిరి ఒప్పుకోదు" అని నన్ను ఆటపట్టించేది. నేనూ నవ్వేవాణ్ణి.

నంబరు సంగతీ అప్పటిదే. స్క్రిప్టు ఆగిపోయినప్పుడు ఇంగ్లీషులో ఒక వాక్యం వచ్చేది, ఎవరూ చదవకుండా ఓకే నొక్కేవారు. తెలుగులో రాద్దామంటే ఆ పాత కంప్యూటర్లలో అక్షరాల బదులు డబ్బాలు కనిపించేవి. అక్క ఒక్కో మాటనూ బొమ్మగా చేసి పెట్టింది. ఏది తక్కువైందో చెప్పి, పాతదానికి ఏమీ కాలేదని ధైర్యం చెప్పి, కింద తన సొంత ఫోన్ నంబరు వేసింది. మేనేజర్ వద్దన్నాడు. ఆమె వినలేదు. "లేదని చెప్పి ఊకుంటే ఎట్ల? ఎవర్ని అడగాల్నో గూడ చెప్పాలె" అంది. అప్పటి నుంచి అన్నం ముందు కూర్చున్నా, పెళ్ళికి పోయినా ఆమె ఫోన్ మోగుతూనే ఉండేది.

పోయిన ఎండాకాలం ఆమెకు క్యాన్సర్ అని తేలింది. ఆఫీసుకు సెలవు పెట్టిన రోజు, బస్సు దిగుతూ నన్నొకటే కోరింది. స్క్రిప్టులో తన నంబరు తీసి నాది పెట్టమని. సరే అక్కా అన్నాను. పెట్టలేదు. ఆమె నంబరు తీసేస్తే ఆమె ఇక రాదని ఒప్పుకున్నట్టు అవుతుందని నాకు నేను చెప్పుకున్నాను. అది సాకు. ఆ ఫోన్లన్నీ నాకు వస్తాయని బద్ధకం. ఆమె మళ్ళీ ఒకసారి గుర్తు చేస్తే, వచ్చే వెర్షన్‌లో అన్నాను.

దవాఖానలో చూడబోయినప్పుడు ఆమె మంచం మీద ఫోన్‌లో మాట్లాడుతోంది. ఎవరికో డిస్కులో ఖాళీ ఎట్లా చేయాలో చెబుతోంది. రెండు మాటలు చెప్పి ఊపిరి తీసుకుని, మళ్ళీ రెండు మాటలు. అవతలి మనిషికి ఆమె ఎక్కడుందో తెలియదు. తలగడ పక్కన బావ, ఆమె భర్త, ఫోన్ ఆమె చెవికి ఆనించి పట్టుకుని కూర్చున్నాడు. అయిపోయాక అక్క నా వైపు చూసింది.

"ఒప్పుకునే ముందు చూసుకోవాలె తమ్మీ, అయితదా కాదా అని. నువ్వు కాదంటే ఇంకొకరికి చెప్తుంటి."

ఆ సాయంత్రమే మార్చాలనుకున్నాను. అప్పుడూ మార్చలేదు. తొమ్మిది రోజుల తర్వాత అక్క పోయింది.

యాచారం ఫోన్ వచ్చిన పూటే నంబరు మార్చాను. పది నిమిషాలు కూడా పట్టలేదు. కానీ స్క్రిప్టు అడిగిన వాటికి సరిపోయిన కంప్యూటర్లలోకే నా నంబరున్న కొత్త బొమ్మ వెళుతుంది. సరిపోని వాటిలో ఏదీ ముట్టుకోకూడదు, అది అక్క పెట్టిన నియమమే. ఆగిపోయేవీ అవే, ఆమె నంబరు మిగిలిందీ వాటిలోనే. అందుకే శనివారాలు పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని బండి మీద ఒక్కో ల్యాబుకు పోయి నా చేతులతో మారుస్తున్నాను. ఇంకా కొన్ని ఉన్నాయి.

మొన్న ఆదివారం మధ్యాహ్నం అక్క వాళ్ళింటికి వెళ్ళాను. సాగర్ రోడ్డు మీదే ఇల్లు. బావ అన్నం తింటున్నాడు. అక్క తల్లి గోడకు ఆనుకుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. అక్క ఫోన్ మోగింది. ఇటివ్వు బావా, నేను మాట్లాడతానని లేచాను. ఆయన తల అడ్డంగా ఊపి, చెయ్యి కడుక్కుని, ఫోన్ పట్టుకుని గేటు దాటి రోడ్డు పక్కకు వెళ్ళాడు. రోజూ అంతేనట, ఫోన్ వస్తే ఇంట్లో ఎత్తడట.

ముసలమ్మ కాయల మీది నుంచి కళ్ళెత్తలేదు. "గా మాట నాకు ఇనవడొద్దని గట్ల బయటికి పోతడు బిడ్డా" అంది.

కిటికీలోంచి చూశాను. ఎర్రటి ఎండలో బావ ఫోన్ చెవికి పెట్టుకుని ఏదో చెప్పాడు. అదే సమయానికి సాగర్ పోయే బస్సు హారన్ కొడుతూ పక్క నుంచి వెళ్ళింది. అవతలి వాడికి వినపడలేదు కాబోలు. బస్సు దాటేదాకా ఆగి, రెండో చెవి అరచేత్తో మూసుకుని, ఆ మాట మళ్ళీ చెప్పాడు, ఈసారి గట్టిగా.