రాయకుండా వదిలిన ఐదు మీటర్లు

నిన్న జహీరాబాద్ బస్టాండు పక్కన పంక్చర్ దుకాణంలో లారీ టైరుకు గాలి కొడుతున్నారు. గొట్టం ఊడదీయగానే బుస్సుమన్న చప్పుడు, వెంటనే కాలిన రబ్బరు వాసన. ఝరాసంగం ఆటో నిండిందని డ్రైవరు పిలుస్తున్నా నేను కదల్లేకపోయాను. ఆరేళ్ల పాటు నా ఉదయాలు ఆ చప్పుడుతోనే మొదలయ్యాయి. లక్షద్వీప్‌లో పడవ అంచున కూర్చుని, నీళ్లలోకి దిగే ముందు సిలిండర్లలో గాలి సరిచూసుకునేవాళ్లం, నేనూ, అప్పటి నా జత సాదిక్ భాయ్.

మా దిక్కు సముద్రం పనంటే జనం నవ్వుతారు. నాది ఝరాసంగం, ఆయనది కోహీర్. ఓడరేవులో ఓడల అడుగు భాగం శుభ్రం చేసే పనిలో ఆయన నీటి లోతులకు అలవాటు పడ్డారు. పగడపు దిబ్బల పరిశోధనలో చేరిన రోజున నీళ్లలో నాకు జత ఎవరని అడిగితే, నెరిసిన గడ్డంతో ఆయన లేచి నిలబడ్డారు. నా ఊరు వినగానే మొహం విప్పారింది. "జొన్నరొట్టె తినే పిల్లవేనా? మంచిగైంది. ఇగ నీ గాలి నేను చూస్త, నా గాలి నువ్వు చూడు" అన్నారు.

పని వినడానికి తేలిక. ఏటా అదే చోట అడుగున యాభై మీటర్ల టేపు పరిచి, దాని కింద ఏముందో పలక మీద పెన్సిలుతో రాయాలి. రాయడం నా వంతు. టేపు, సమయం ఆయన వంతు. మూడో ఏడు నీళ్లు వేడెక్కి పగడాలు పాలిపోయి చావుకు దగ్గరయ్యాయి. అంతకుముందు గోధుమ, ఊదా అని రాసిన చోటల్లా తెలుపు, తెలుపు, తెలుపు అని రాస్తూ పోయాను. రాసి రాసి చేయి కాదు, మనసు అలిసిపోయేది.

ఒక మధ్యాహ్నం నలభై ఐదో మీటరు దగ్గర ఆయన బొటనవేలు పైకెత్తారు. నేల మీద అది శభాష్, నీళ్లలో మాత్రం పైకి పోదామని. ఐదు మీటర్లే మిగిలాయి కదా అని చూడనట్టు తల దించుకున్నాను. ఎదురు ప్రవాహంలో కాళ్లు కొట్టానే కానీ ముందుకు సాగలేదు. కాసేపటికి ఊపిరి బరువెక్కింది. గాలి మీటరు ముల్లు అడుగున ఉంది. ఆయన వచ్చి తన సిలిండరుకున్న రెండో గొట్టం నా నోటికి అందించి, భుజం పట్టీ పట్టుకుని మెల్లగా పైకి తెచ్చారు. లోతు నుంచి ఒక్కసారిగా పైకి రాకూడదు కనుక దారిలో ఆగాల్సిన చోట మూడు నిమిషాలు ఆపి, నా కళ్లలోకి చూస్తూ నిదానంగా ఊపిరి పీల్చి వదిలారు. నా ఊపిరి ఆయన ఊపిరితో కలిసేదాకా అలాగే ఉన్నారు.

పడవెక్కాక పలక తీశాను. "మిగిలింది కూడా తెల్లగానే ఉంది భాయ్, రాసేస్తాను."

"చూసినవా?"

"దూరం నుంచి."

"దూరంకెల్లి చూసింది లెక్క గాదు బేటీ. ఖాళీ వెట్టు. అది బతికిందో సచ్చిందో అందాజగ చెప్పొద్దు."

ఆ సాయంత్రం మా పరిశోధన పెద్ద, లెక్క ఎందుకు సగంలో ఆగిందని అడిగారు. నేను నోరు తెరిచేలోపే సాదిక్ భాయ్, "ఒకరికి గాలి తక్కువైతే ఇద్దరికి తక్కువైనట్టే సార్. పైకొచ్చినం" అన్నారు. అంతా వెళ్లాక మాత్రం నాతో, "గాలి అయిపోవుడు తప్పు గాదు. నన్ను చూసి చూడనట్టు ఉన్నవు, గదే తప్పు" అన్నారు.

రెండు రోజుల తర్వాత ఆ మిగిలిన ముక్క కోసమే దిగాం. నలభై ఎనిమిదో మీటరు దగ్గర రాతి అంచు నీడలో అరచేయంత పగడం గోధుమరంగులో బతికే ఉంది. ఆయన నా వైపు చూడలేదు. పెన్సిలు అందించారు, అంతే.

ఆరో ఏడు ఒకరోజు దిగుతుండగా ఆయన చెవి చూపించి, బాగాలేదన్నట్టు అరచేయి అటూ ఇటూ ఊపారు. ముఖానికున్న అద్దం లోపల రక్తపు చార. వారం తర్వాత దొరికిన తేట నీటి రోజది. ఈసారి బొటనవేలు నేనే ఎత్తాను. పడవలో ఆయన మొహం తిప్పుకుని, "నా వల్ల నీ దినం ఖరాబైంది" అన్నారు.

"మన దినం భాయ్" అన్నాను.

డాక్టర్లు ఇక దిగొద్దన్నారు. ఆయన కోహీర్‌కు తిరిగొచ్చేశారు. ఈ చలికాలం గుండె ఆగి పోయారు. నేను పలకరించడానికి వెళితే ఆయన భార్య చాయ్ ఇచ్చి పక్కన కూర్చున్నారు. "ఆ చెవు ఇనరాకపోయేది బేటీ. గని తొవ్వల నడిస్తే మాటిమాటికి ఎడమ దిక్కు చూసేటోడు. ఎవరున్నరని అడిగితే, అలవాటైంది, ఆదత్ అనేటోడు."

నీళ్లలో నేనెప్పుడూ ఆయనకు ఎడమ పక్కనే ఉండేదాన్ని.

దిబ్బ కోలుకుంటుందన్న నమ్మకం నాకిప్పుడు పెద్దగా లేదు. అయినా దిగుతున్నాను. పోయిన నెల నా కొత్త జత టేపు చివర్లో ఉండగా పైకి పోదామని సైగ చేసింది. రాస్తున్న అంకె సగంలో ఆపేసి ఆమెతో పాటు వచ్చేశాను.

"ఇంకొంచెమే కదా మిగిలింది, నా వల్ల ఆగిపోయింది" అని పడవలో నొచ్చుకుంది.

"రేపు చూద్దాం" అని, పలక మీద మిగిలిన గడులు ఖాళీగా ఉంచి, కింద ఇద్దరి పేర్లూ రాశాను.