దారి తెలిసిన గుర్రం

గుర్రాలమ్మాయిని ఉద్యోగంలోంచి తీసేశారనీ, పోతూ పోతూ ఆమె కంపెనీవాళ్ల ఆటను దొంగిలించి ఇంటికి తెచ్చుకుందనీ ఒక మాట ఆ వీధిలో చాలాకాలం తిరిగింది. అది మామూలు ఆట కాదట. ఇప్పుడు ఎక్కడా దొరకని పాత ఆటట. టీవీ కింద పెట్టెలో దాచిందట.

"మనిషిని చూస్తే నోట్లో నాలుక లేనట్టుంటుంది. ఎంత పని చేసిందో చూశారా!" అని కింద ఇస్త్రీ దుకాణం ఆవిడ వచ్చినవాళ్లందరికీ బట్టలతోపాటు ఆ మాట కూడా మడతపెట్టి ఇచ్చేది.

గుర్రాలమ్మాయి అన్నది ఆఫీసులో పెట్టిన పేరు. ఒక ఫర్నిచర్ కొట్టు పైన, మూడో అంతస్తులో ఆ ఆఫీసు. మెట్లెక్కుతుంటే వార్నిష్ వాసన పైదాకా వచ్చేది. అక్కడ తయారయ్యేది ఒక కౌబాయ్ వీడియో ఆట. ఎర్రటి కొండలు, గడ్డిమైదానాలు, చెక్క ఇళ్ల ఊళ్లు. ఆడేవాళ్లు గుర్రమెక్కి ఎటు బుద్ధి పుడితే అటు పోవచ్చు. ఆటలో ఒక్కొక్క పని ఒక్కొక్కరిది. తుపాకులు ఒకరు చూసేవారు, వానలు ఒకరు, ఊళ్లో జనం పలకరింపులు ఇంకొకరు. ఆమె వంతుకు గుర్రం వచ్చింది. ఈల వేస్తే ఎంత దూరం నుంచి రావాలి, ఎప్పుడు అలసిపోవాలి, పాము కనబడితే ఎటు బెదరాలి అన్నీ ఆమే చూసేది.

"ఏమ్మా, నీ గుర్రానికి చెవుడా? ఈలలు వేసి వేసి నా బుగ్గలు పడిపోయాయి" అనేవాడు వానలబాబు.

ఆమె నవ్వి తల వంచుకునేది. మాటకు మాట అప్పజెప్పడం ఆమెకు చేతనయ్యేది కాదు. జవాబు ఎప్పుడూ మెట్లు దిగుతుండగా తట్టేది.

ఆమె తండ్రి బస్సు డ్రైవరు. దూరపు సర్వీసులే నడిపాడు. ఉద్యోగం ఇంకా కొన్నేళ్లు మిగిలుండగానే చేతులు వణకడం మొదలైంది. డిపోలో పరీక్ష చేసి స్టీరింగు మీంచి దింపేశారు. ఆ రోజు ఇంటికొచ్చి, యూనిఫాం చొక్కా విప్పి కుర్చీకి తగిలించి, "ఇంక నేనూ ప్యాసింజర్నే" అన్నాడు. కానీ ప్యాసింజరుగా ఏ బస్సూ ఎక్కలేదు. మార్కెట్టు ఎంత దూరమైనా నడిచే వెళ్లేవాడు. పక్కనుంచి బస్సు పోతే మొహం తిప్పుకునేవాడు.

ఒక ఆదివారం ఆమె తన పని ఎలా ఉందో చూసుకుందామని ఇంట్లో టీవీలో ఆట పెట్టింది. పేపరు చదువుతున్న తండ్రి కళ్లజోడు పైకి నెట్టుకున్నాడు.

"ఆ రోడ్డు ఎందాకా పోతుందే?"

"చాలా దూరం నాన్నా. కొండ చుట్టూ తిరిగి, ఏటి వెంట పోయి, రైలుస్టేషను దాకా."

"మధ్యలో స్టాపులున్నాయా?"

"నీకు కావాలంటే ఆపుకోవచ్చు."

ఆ రోజుల్లో ఆటలో ఒక సౌకర్యం ఉండేది. గుర్రాన్ని దారి మీదకు ఎక్కించి నడక మొదలుపెట్టిస్తే చాలు. తరవాత చెయ్యి తీసేసినా అది దారి వెంటే, మలుపుల్లో తనే తిరుగుతూ సాగిపోయేది. తండ్రికి ఆటలో అదొక్కటే కావాల్సి వచ్చింది. దొంగలతో, తుపాకులతో ఆయనకు పనిలేదు. మధ్యాహ్నం భోజనమయ్యాక గుర్రాన్ని దారికెక్కించి, కంట్రోలర్ ఒళ్లో పెట్టుకుని, చేతులు రెండూ కట్టుకుని కొండల్ని చూస్తూ కూర్చునేవాడు. ఎదురుగా ఎవడైనా గుర్రం మీద వస్తే, ఎదురొచ్చే బస్సు డ్రైవరుకు ఎత్తినట్టే అరచెయ్యి ఎత్తేవాడు. స్టేషను రాగానే, "ఆఖరి స్టాపు, దిగాలి దిగాలి" అని కేకేసేవాడు.

"దిగుతా గానీ, ఆ రిమోటు పక్కన పెట్టి బియ్యం డబ్బా దించండి" అనేది తల్లి వంటింట్లోంచి. విసుక్కుంటున్నట్టు అనేదే గానీ ఆమె గొంతులో నవ్వు తెలిసిపోయేది. ఆ ఇంట్లో అలాంటి కేక వినబడి చాలాకాలమైంది మరి.

అలా ఉండగా ఒకరోజు ఆఫీసులో మీటింగు పెట్టారు. జనం ఆటను ఎక్కడ ఎలా ఆడుతున్నారో కంప్యూటర్లకు తెలిసిపోతుంది. అదంతా మ్యాపుగా గీసి గోడమీద టీవీలో వేశారు. జనం బటన్లు గట్టిగా నొక్కుతున్న చోట్లు ఎర్రగా, ఏమీ నొక్కని చోట్లు బూడిదరంగులో ఉన్నాయి. ఊళ్లన్నీ ఎర్రగా ఉన్నాయి. దారులు మాత్రం బూడిద పూసినట్టున్నాయి.

"చూశారా, దారి మీదకి రాగానే చేతులు ఆగిపోతున్నాయి. విసుగు! కంట్రోలర్ పడేసి ఫోన్లు చూసుకుంటున్నారు. చచ్చిన ఆట ఇది" అన్నాడు టీమ్ లీడరు.

అందరూ తలలూపారు. ఏటి వెంట, కొండ మలుపు మీదుగా స్టేషను దాకా పోయే ఆ బూడిద గీతను ఆమె గుర్తుపట్టింది. రోజూ మధ్యాహ్నం తమ ఇంట్లోంచి సాగేది అదే. చేతులు ఆగడానికి విసుగొక్కటే కారణం కాదనీ, చూడాలనిపించినప్పుడు కూడా మనిషి చేతులు కట్టుకుంటాడనీ ఆ గదిలో ఎవరికీ తట్టలేదు. తట్టిన ఒక్క మనిషీ నోరు విప్పలేదు. 'మా నాన్న కూడా ఇలాగే' అన్న మాట ఆమె నోటిదాకా వచ్చింది. ఇంట్లో సంగతి ఆఫీసులో చెబితే నవ్వుతారేమో అనిపించింది. అంతలో లీడరు ఆమె వైపు తిరిగాడు.

"గుర్రం నీదేగా. దీనికి ప్రాణం పొయ్యాలి. నువ్వైతేనే చెయ్యగలవు."

నలుగురిలో ఎవరూ ఆమెను ఎప్పుడూ అంతలా మెచ్చుకోలేదు.

"సరే సార్" అంది.

తరవాత ఆమెను తొలిచేసింది ఇదే. ఆ పని ఆమె ఏదో మొక్కుబడిగా చెయ్యలేదు, ప్రాణం పెట్టి చేసింది. పచ్చగడ్డి కనబడితే గుర్రం అటు లాగేటట్టు, నీళ్ల వాసనకు మెడ తిప్పేటట్టు, మలుపులో పగ్గం లాగకపోతే నేరుగా పోయేటట్టు తీర్చిదిద్దింది. "ఇప్పుడు నిజం గుర్రంలా ఉంది" అని ఆడినవాళ్లందరూ మెచ్చుకున్నారు. వానలబాబు కూడా వచ్చి, "నీ గుర్రం ముందు నా వాన వెలవెలబోతోందమ్మా" అన్నాడు. ఆ సాయంత్రం ఆమె మెట్లు రెండేసి చొప్పున దిగింది.

ఇంట్లో టీవీ కింది పెట్టెలో ఆట నెట్ ద్వారా తనంతట తనే మారిపోయింది. తండ్రికి ఆ సంగతి తెలియదు. ఎప్పటిలాగే గుర్రాన్ని దారికెక్కించి చేతులు కట్టుకున్నాడు. గుర్రం కాస్త దూరం పోయి, పక్కనున్న గడ్డిలోకి దిగి, అక్కణ్నుంచి వాలులో జారి వాగులో పడింది.

"చెయ్యి తగిలినట్టుంది" అన్నాడు.

మళ్లీ ఎక్కించాడు. ఈసారి కంట్రోలర్ వదలకుండా రెండు చేతులా పట్టుకున్నాడు. ఆ వణుకుకు గుర్రం దారి మీద అటూ ఇటూ ఊగి, కంచెకు కొట్టుకుంది. ఆయన తన చేతుల్ని ఒళ్లో పెట్టుకుని, ఎవరివో చేతులన్నట్టు చూశాడు. డిపో నుంచి వచ్చిన రోజున కూడా అలాగే చూసుకున్నాడు. తరవాత నాలుగు రోజులు ప్రయత్నించి, "కళ్లు మండుతున్నాయి, ఇంక వద్దులే" అని టీవీ ఆపేశాడు.

'నీ చేతుల తప్పు కాదు నాన్నా' అని ఒక్క మాట చెబితే సరిపోయేది. కానీ ఆ మాట వెనకే 'నా తప్పు' అన్న మాట కూడా రావాలి. రెండోది రాక మొదటిదీ గొంతులోనే ఉండిపోయింది.

ఆమె ధైర్యం కూడదీసుకుని లీడరు దగ్గరికి వెళ్లింది. పాత నడక కావాలనుకునేవాళ్లు పెట్టుకునేలా సెట్టింగుల్లో ఒక మీట ఇద్దామని అడిగింది.

"ఎంతమందికి కావాలి?"

"ఒకరికి" అంది, నోరు జారి.

చుట్టూ ఉన్నవాళ్లు పకపకా నవ్వారు. లీడరు కూడా నవ్వి, "ఆ ఒక్కరికీ నడపడం నేర్పు మరి" అన్నాడు. ఆయన చెడ్డవాడేం కాదు. 'మా నాన్న ముప్పై ఏళ్లు బస్సు నడిపారు సార్' అన్న జవాబు ఆమెకు మెట్ల మీద తట్టింది.

ఇక ఆమెకు తోచింది ఒక్కటే. రెండు కంట్రోలర్లలో దేనితోనైనా ఒకే గుర్రాన్ని నడిపే ఏర్పాటు ఆ పెట్టెలోనే ఉంది. తీగ లేనిది రెండోది కొని తెచ్చింది. ఆమెకు సెలవుండే శని, ఆదివారాల్లో, "ఒక్కసారి చూడు నాన్నా, బాగుచేశారట" అని తండ్రిని కూర్చోబెట్టి, తను వెనక వంటింటి గుమ్మంలో పీట వేసుకుని, ఒళ్లో టవలు కింద చేతులు పెట్టుకుని గుర్రాన్ని నడిపింది. మళ్లీ వాగులో పడుతుందేమోనని ఆయన కంట్రోలర్ వదల్లేదు; ఆ వణుకుకు గుర్రం ఊగబోయినప్పుడల్లా ఆమె వెనకనుంచి సరిచేసింది. గుర్రం మలుపు తిరిగింది. తండ్రి అరచెయ్యి ఎత్తాడు. చాన్నాళ్లకు స్టేషనులో, "దిగాలి దిగాలి" అన్నాడు.

అలా కొన్ని వారాలు గడిచాయి. ఒక శనివారం ఆయన గడ్డం గీసుకుని, యూనిఫాం చొక్కా వేసుకుని కిందికి వెళ్లాడు. వచ్చేటప్పుడు ఇస్త్రీ దుకాణం వాళ్ల వ్యాను తాళం వేలికి తిప్పుకుంటూ వచ్చాడు.

"రేపు పొద్దున తయారుగా ఉండవే, నిన్ను అలా తిప్పుకొస్తా" అన్నాడు భార్యతో.

"ఎవరు నడుపుతారు?"

"ఎవరేంటి? చూడట్లేదా, చెయ్యి కుదురుకుంది. కావాలంటే ఇప్పుడు చూడు."

టీవీ పెట్టి గుర్రాన్ని దారికెక్కించి కూర్చున్నాడు. తల్లి మొహం వెలిగిపోతోంది. కూతురు గుమ్మంలో లేచి నిలబడింది. టవలు కింద పడింది. ఆమె టీవీ పక్కకు వచ్చి, ఇద్దరూ చూస్తుండగా, తన చేతిలో ఉన్నదాంతో గుర్రాన్ని దారి మధ్యలో గుండ్రంగా ఒక చుట్టు తిప్పింది.

గుర్రం ఒకసారి సకిలించింది.

"ఇన్ని రోజులూ నువ్వేనా?" అన్నాడు తండ్రి.

"ఊఁ."

"మొదట్లో కూడా?"

"లేదు నాన్నా. మొదట్లో గుర్రమే వెళ్లేది. తరవాత దాన్ని మార్చారు. నేనే మార్చాను. నీ చేతుల తప్పు కాదు."

"ఎందుకమ్మా మార్చడం?"

"దారి మీద ఊరికే చూస్తూ పోవడం ఎవరికీ అక్కర్లేదన్నారు."

"నువ్వేమన్నావు?"

"సరే అన్నాను."

ఆయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేదని ఆమెకు ఇప్పటికీ అనిపిస్తుంది. తాళం భార్య చేతిలో పెట్టి, "ఇచ్చేసి రా" అన్నాడు. తన కంట్రోలర్ తీగ జాగ్రత్తగా చుట్టి టీవీ పక్కన పెట్టాడు. మళ్లీ దాన్ని ముట్టుకోలేదు.

ఆమెను ఎవరూ ఉద్యోగంలోంచి తీసెయ్యలేదు. తనే మానేసి, ఆసుపత్రుల్లో నంబర్లు చూపించే తెరలు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో చేరింది. ఆమె వదిలేసి వచ్చిన స్వెట్టరు ఇవ్వడానికి వానలబాబు ఒకరోజు ఇంటికి వచ్చాడు. తల్లి అతన్ని కూర్చోబెట్టింది. గుర్రాలమ్మాయి టీ ఇచ్చి పక్కకు నిలబడింది.

"గుర్రం ఆగిపోయిందేం?" అన్నాడు తండ్రి టీవీ చూస్తూ.

ఆమె వాళ్ల వెనక్కి వెళ్లింది. గుర్రం కదిలింది. ముసలాయన చేతులు ఖాళీగా, కట్టుకుని ఉన్నాయి. గుర్రం ఏటి వెంట, మలుపు మలుపూ తిరుగుతూ దారి తప్పకుండా పోతోంది. కొత్త ఆటలో గుర్రం అలా పోదని వానలబాబుకు బాగా తెలుసు. అడగడానికి మొహమాటపడి, టీ తాగేసి, మెట్లు దిగి, ఇస్త్రీ దుకాణం దగ్గర మాత్రం నవ్వుతూ, "పాత ఆట ఎక్కడో కొట్టేసినట్టుందండీ మీ పైవాళ్లమ్మాయి" అన్నాడు. అంతే.

వానలబాబు ఒక్కసారి వెనక్కి తిరిగి గుమ్మం వైపు చూసి ఉంటే ఆ మాట పుట్టేది కాదు. ఆ ఇంట్లో ఉన్నది అందరి దగ్గరా ఉన్న కొత్త ఆటే. గుర్రం ఇప్పటికీ గడ్డి వైపే లాగుతుంది. "ముందు ఎడమ మలుపుంది" అని తండ్రి చెబుతుంటాడు, గుమ్మంలో పీట మీద కూర్చుని కూతురు తిప్పుతుంటుంది.