వదులు కాని నాలుగో తీగ

ఆ సాయంత్రం మా అమ్మాయి హారిక లెక్కల పుస్తకాన్ని ఎడమచేత్తో అదిమిపట్టి హోంవర్క్ రాస్తోంది. ఎనిమిదేళ్ల పిల్ల. పుస్తకం అంచున ఎర్రటి మరక కనిపిస్తే చెయ్యి తిప్పి చూశాను. నాలుగు వేళ్ల కొసల మీదా గాట్లు. గాట్ల నిండా మరచీల మీద ఉండేలాంటి సన్నటి గీతలు. అది బేస్ గిటార్ తీగ అచ్చు. ఆ తీగలు నాలుగూ ముందురోజే విప్పి, చుట్టచుట్టి, బీరువాలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి నా మెడలో గొలుసుకే ఉంది.

నాకు భయం మొదలైంది అప్పుడే.

దెయ్యాల కబుర్లు మొదలైతే లేచి వెళ్లిపోయే మనిషిని నేను. ఎచ్చెర్లలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివి, రాజాంలో బడిపిల్లలకు పాఠాలు చెప్తున్నాను. అందుకే జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

ఆ గిటార్ మా బావగారిది, మావారి అన్నయ్యది. విజయనగరంలో మా అత్తవారిది తరతరాలుగా వీణ, వయొలిన్ వాయించే కుటుంబం. ఆయనొక్కరే పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో బేస్ వాయించేవారు. "అదేటి వాయిద్యమేటి? కరెంటు ఎడితే గానీ నోరు తెరవదు" అని మా అత్తగారు ఆయన ముందే అనేవారు.

ఆయన మా ఇంటికొచ్చి హారికకు నేర్పేవారు. తీగలు మెడ చెక్కకి చాలా ఎత్తులో ఉండేవి. పిల్ల నొక్కలేకపోతే ఆమె వేళ్ల మీద తన వేళ్లు పెట్టి అదిమేవారు. "ఏళ్ళు మెత్తగుంటే పాట రాదే పిల్లా. రగతం వస్తే వస్తాది." ఇంటికి పెద్ద కదా అని కొన్ని నెలలు ఊరుకున్నాను. పిల్ల చెయ్యి వెనక్కి దాచుకుని భోజనానికి వచ్చిన రోజు మాత్రం, ఇంక నేర్పొద్దని చెప్పేశాను.

"నువ్వాపితే ఆగుతాదేటి?" అన్నారు. గిటార్ మా ఇంట్లోనే వదిలేసి వెళ్లారు. నెల తిరక్కుండా గుండెపోటుతో పోయారు.

కొన్నాళ్లకు హారిక మళ్లీ వాయిస్తానంది. నొప్పి పుట్టకుండా తీగల ఎత్తు తగ్గిద్దామనుకున్నాను. గిటార్ మెడలో ఒక ఇనుప కడ్డీ ఉంటుంది. తీగల లాగుడుకి మెడ ముందుకు వంగితే తీగలు ఎత్తవుతాయి. తీగలు వదులుచేసి, ఆరు పలకల అలెన్ కీతో కడ్డీని పావు చుట్టు బిగించి, చెక్క సర్దుకునేదాకా ఒకరోజు ఆగాలి. తర్వాత కింద తీగలు ఆనుకునే బ్రిడ్జ్ దగ్గర చిన్న మరలు తిప్పి తీగల్ని దించుకోవాలి.

మొదట్లో పన్నెండో ఫ్రెట్, అంటే వీణ మెట్టులాంటి కమ్మీ, దగ్గర తీగ కింద మూడు రూపాయి బిళ్లలు పట్టేవి. ఒక్కటి పట్టేదాకా తగ్గించాను. మర్నాటికి మళ్లీ మూడు. గాలిలో తేమ వల్లేమో అనుకుని మళ్లీ బిగించాను. ఈసారి ఎవరైనా తిప్పితే తెలిసేలా బ్రిడ్జ్ మరల మీద గోళ్లరంగు చుక్కలు పెట్టాను, అలెన్ కీ బడికి పట్టుకెళ్లాను. వచ్చి చూస్తే చుక్కలు చెదరలేదు. మూడు బిళ్లలూ దూరాయి.

అప్పుడే తీగలు మొత్తం విప్పేశాను. తీగలు లేకపోతే లాగుడు లేదు. కడ్డీ బిగువుకి మెడ వెనక్కి వంగాలి. మర్నాడు స్టీలు స్కేలు పెట్టి చూశాను. ముందుకే వంగి ఉంది, తీగలు ఇంకా లాగుతున్నట్టు. హారిక వేళ్లు నేను చూసింది ఆ సాయంత్రమే.

"గిటార్ ముట్టుకున్నావా?"

"నేదమ్మా. నేనేటీ సెయ్యనేదు. రాస్తంటే నొప్పెట్టింది." అని చెయ్యి వెనక్కి దాచుకుంది. అప్పట్లోలాగే.

మా అత్తగారికి ఫోన్ చేశాను. వాళ్లింట్లో ఎవరైనా పోతే ఆ రోజే వాళ్ల వాద్యం తీగలు వదులుచేస్తారు, పోయినవాళ్ల చెయ్యి దాన్ని వదలాలని. బావగారి గిటార్‌కి చేశారా అని అడిగాను.

"ఆడి సిన్నప్పటి వీణకి దించినామే. ఆ కర్రకెవులు దించుతారు?" అని ఏడ్చారు. కాసేపటికి, "ఇప్పుడైనా నువ్వు దించీయమ్మా" అన్నారు.

హారికనీ దాని తమ్ముణ్ణీ పక్కింట్లో ఉంచి, దించడం కోసమే నాలుగు తీగలూ ఎక్కించి బిగించాను. తర్వాత ఒక్కొక్కటీ వదులుచేశాను. మూడు వేలాడిపోయాయి. లావుపాటి నాలుగో తీగ మాత్రం మెడ చివర దాని మర ఎన్ని చుట్లు వెనక్కి తిప్పినా సడలలేదు. మీటితే అదే స్వరం. వేలితో నొక్కబోయాను. కిందికి దిగలేదు సరికదా, నా వేలినే పైకి తోసింది. గది తలుపు వేసి గొళ్లెం పెట్టాను.

నౌపడలో ఉద్యోగం చేసే మావారు ఆదివారం వచ్చి దాన్ని విజయనగరం తీసుకెళ్లారు. ఆ తీగ ఇప్పటికీ బిగువుగానే ఉందట. మర ఇరుక్కుందంటారు ఆయన. ఇరుక్కున్న మర తిరగదు కదా. అది నా చేతిలో తిరిగింది. ఎలాగో నాకు ఇప్పటికీ తెలియదు. ఇన్ని నెలలైనా పిల్లలు పడుకున్నాక వాళ్ల వేళ్లు ఒకసారి చూసి గానీ పడుకోలేను.

గొళ్లెం పెట్టిన మర్నాడు పొద్దున్నే హారిక వేళ్లకు కట్టు కట్టి, నాలుగేళ్ల తమ్ముణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని ఇద్దరికీ చెప్పాను:

"మీకు నొప్పెట్టించింది ఎవరైనా సరే, మనింట్లో పెద్దోళ్లైనా సరే, చెయ్యి దాచుకోకండి. నాకు చూపించండి. అప్పుడు నేను ఊరుకున్నాను. ఇంక ఊరుకోను."