వానకు అర్థం చెప్పలేని పెళ్ళికొడుకు

ఇంగ్లీషు మాటలకు ఇంటిపేరు చివర ఉంటుందని మా పెనుకొండ బడిలో అయ్యవారు కనిపెట్టారు. ఏ, ఐ, ఎన్ అనే మూడక్షరాలను నల్లబల్ల మీద ఒక్కసారే రాసి, వాటి ముందు తలకాయలు మాత్రం మార్చేవారు. ఆర్ పెడితే రెయిన్, వాన. పి పెడితే పెయిన్, నొప్పి. జి పెడితే గెయిన్, లాభం. మా సీమలో ఈ మూడింటిలో నడిమిదొక్కటే కరువు లేకుండా దొరుకుతుంది కనుక, దాన్నే ఆయన రోజూ అందరికీ పంచేవారు. అర్థం చెప్పినవాడు లేచి, చెప్పలేనివాడి ముక్కు ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేత్తో చెంప వాయించాలి. మెల్లగా వాయిస్తే, ఎలా వాయించాలో అయ్యవారు వాయించినవాడి చెంప మీదే చూపించేవారు.

నేను మెల్లగా కొట్టిన పాపాన ఎన్నడూ పోలేదు. కొండ మీద మేకలు కాసేవాళ్ళు నా దెబ్బ విని బడి గంట అనుకునేవారు. ఆ దెబ్బల్లో ముప్పాతిక ఒక్కడికే పడేవి. వాడు ధర్మవరం నేతగాళ్ళ పిల్లవాడు, పెనుకొండలో మేనత్త ఇంట ఉండి చదివేవాడు. వాడికి అర్థం తెలియక కాదు. అది కడుపులోంచి నోట్లోకి ఎద్దులబండి మీద వచ్చేది. బండి వచ్చేలోగా ముక్కు నా చేతిలో ఉండేది.

"ముక్కు పట్టుకుంటే మాట యాడ్నించి వస్తాదప్పా?" అన్నాడొకసారి. మర్నాడు ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాను.

ఒకరోజు ఆ ఏ-ఐ-ఎన్ వంశం అంతా పూర్తయ్యేసరికి వాడు పదకొండు దెబ్బలు తిన్నాడు. ఆ సాయంత్రమే రైలెక్కి ధర్మవరం పోయాడు, మళ్ళీ రాలేదు. మూడు రోజులు దిగులుపడ్డాను. అంత పెద్ద చెంప మా తరగతిలో ఇంకెవరికీ లేదు.

పదేళ్ళ తర్వాత, యుద్ధం రోజుల్లో, నేను హిందూపురంలో ఒక బెల్లం మండీలో ఇంగ్లీషు ఉత్తరాలు రాసే గుమాస్తాను. మా మేనమామకు ఒక్కతే కూతురు. ఆ పిల్లను చేసుకోవాలని నాకు కొండంత ఆశ. మామకేమో మగ్గాలున్న అల్లుడు కావాలి, పైగా వాడు బెంగళూరు షావుకార్ల ఇంగ్లీషు ఉత్తరాలు గడగడా చదవాలి. నాకు ఇంగ్లీషుంది, మగ్గం లేదు.

"ధర్మవరంలో నాలుగు మగ్గాల సంబంధం. పిల్లోడు పెనుకొండలో సదివినాడంట. వచ్చి నాలుగు మాటలు అడుగప్పా. ఇంటి పిల్లోనివి, నీకు గాక ఇంకెవరికి చెప్తా?" అన్నాడు మామ.

మామతో వెళ్ళాను. దారిలో పెనుకొండ స్టేషన్‌లో బండి ఆగితే నా కుడి అరచెయ్యి తనంతట తానే దురద పెట్టింది.

ధర్మవరంలో ఆ ఇంటి ముందు వీధి పొడవునా మగ్గానికెక్కించబోయే పట్టు పడుగు సాగదీసి ఉంది. రంగు రంగుల దారాలు, ఇంకొంచెం లాగితే బత్తలపల్లి చేరేట్టున్నాయి. పెళ్ళికొడుకు లోపలి నుంచి వచ్చి నన్ను చూశాడు. వాడి చెయ్యి వెంటనే ముక్కు మీదికి పోయింది.

"జలుబేమో" అన్నాడు మామ.

"రెయిన్ అంటే ఏమప్పా?" అన్నాను.

నోరు తెరిచాడు. ఎద్దులబండి కదల్లేదు. అంతలో, తాతల కాలం నుంచీ మా జిల్లా మీద అలిగి ఉన్న ఆకాశం, పాపం, వాడి అవస్థ చూడలేక పెంకుల మీద టపటపా సమాధానం అందించింది. వీధిలో ఆడవాళ్ళ కేకలు. "పడుగు తడుస్తాండాది, రాండప్పా!"

వాడు సగం లేచాడు.

"యాడికి? ఇంకా అయిపోలేదు, కూకో" అన్నాను.

కూర్చున్నాడు. నాలుగు మగ్గాలకు యజమాని, నా బొటనవేలంత మీసమున్న మగాడు, నేను కూకోమంటే కూర్చున్నాడు. అంత రుచి నాకు తర్వాత ఏ విందులోనూ తగల్లేదు. గ్రెయిన్ అడిగాను, చెయిన్ అడిగాను, బ్రెయిన్ అడిగాను. మాటకూ మాటకూ నడుమ వానకు బాగా వ్యవధి ఇచ్చాను. బయట వాళ్ళ నాయన ఒక్కడే ఆడవాళ్ళతో కలిసి పడుగు చుడుతున్నాడు. ఎరుపు కారి పసుపులోకి పాకడం నేను కూర్చున్నచోటికే కనబడుతోంది.

పదో మాటగా స్టెయిన్ అడిగాను.

"మరక" అన్నాడు వాడు, వాకిట్లోకి చూస్తూ.

"ఎన్ని చెప్పినాడు?" అన్నాడు మామ.

"పదికొకటి" అన్నాను. నిజమే చెప్పాను. నిజం నాకు అంతగా పనికొచ్చిన రోజు ఇంకోటి లేదు.

తిరుగు బండిలో పెనుకొండ దాటాక మామ గొంతు సవరించుకున్నాడు. "ఇంగ్లీషొచ్చేవాణ్ణి ఇంట్లో పెట్టుకోని ఊర్లెంబడి తిరుగుతాండా. మగ్గాలు లేకుంటే లేకపాయె."

పెళ్ళిచీర మాత్రం ఆ ఇంట్లోనే నేయించాలని అత్త పట్టుబట్టింది. వాళ్ళ పనితనం అలాంటిదట. వాడే నేశాడు. పెళ్ళికి ముందురోజు హిందూపురానికి వాడే తెచ్చి, చుట్టాలందరి ఎదుట, మామకు కాకుండా నా చేతుల్లో పెట్టాడు.

"చూసుకోప్పా. మరకుంటే చెప్పు" అని చెంప నా వైపు తిప్పాడు. "ఇది ఈడే ఉండాది."

మడత మడతా విప్పాను. అంచు చూశాను, కొంగు చూశాను, వెలుతురుకు ఎత్తి చూశాను. చీమ తుమ్మినంత చుక్కయినా లేదు. చుట్టాలు నా చేతులనే చూస్తున్నారు. వాడు అరుగు మీద చేతులు కట్టుకుని కూర్చున్నాడు, బడి బల్ల మీద కూర్చున్నట్టే.

"అయిపోయిందా?" అన్నాడు. "లేయొచ్చునా?"

చీర మళ్ళీ మడతపెట్టాను. నేను తలూపేదాకా వాడు లేవలేదు.

ఇప్పటికీ పండుగపూట నా భార్య ఆ చీర కడితే, కొంగు పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకుపోతాను.

"ఏం ఎతుకుతాండావు?" అంటుంది.

పోగు లేచిందేమోనని చూస్తున్నానంటాను.