రెండో నంబరు బ్యాటరీ

ప్రతి సాయంత్రం దీపం పెట్టాక, ఆ రోజు నాకు మేలు చేసిన వాళ్లను పేరు పేరునా తలుచుకుని దండం పెట్టుకుంటాను. నన్ను బడికి పంపలేదు. అక్షరాలతో పాటు ఈ అలవాటు కూడా ఇంట్లో నాన్నే నేర్పారు. ఆ వరుసలో స్వరూప పేరు దగ్గరికి వచ్చేసరికి నా నోరు ఆగిపోతుంది. ఏళ్లుగా ఆగిపోతూనే ఉంది. ఆ బరువు ఏమిటో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మీకు చెబుతున్నాను.

స్వరూప నా తోటికోడలు. మెదక్‌లో ఒకే ఇంట్లో ఉంటాం. అప్పట్లో అత్తమ్మకు ఊపిరి సరిగా ఆడక ఆక్సిజన్ మిషన్ పెట్టాం. కరెంటు పోయినా అది ఆగకూడదని మా మరిది, అంటే స్వరూప భర్త, ఇన్వర్టర్‌కు రెండు బ్యాటరీలు పెట్టి, మధ్యలో ఒక తిప్పుడు స్విచ్ బిగించాడు. ఒకటో నంబరు ఇంటి లైట్లకు, ఫ్యాన్లకు. రెండోది అత్తమ్మ మిషన్‌కే. దాన్ని ఇంకే పనికీ వాడకూడదు. ఎప్పుడూ నిండుగా ఉంచే బాధ్యత స్వరూపది. నిండుగా ఉంటే దాని మీద పచ్చ లైటు వెలుగుతుంది.

ఆ శ్రావణంలో ఇంట్లో అఖండ నామం పెట్టుకున్నాం. మొక్కు నాది. అత్తమ్మ కోసమే మొక్కాను. తెల్లారినప్పటి నుంచి దీపాల వేళ దాకా నామం తెగకూడదు. వాడకట్టంతా వినేలా మైకు పెట్టించాం. పొద్దున్నే గాలివానకు కరెంటు పోయింది. మధ్యాహ్నానికి ఒకటో బ్యాటరీ అడుగంటి మైకు గొంతు బొంగురుపోయింది. అత్తమ్మ ఆ వేళకు మిషన్ అవసరం లేకుండా బాగానే ఉంది, మంచం మీద కూర్చుని వేళ్లతో తాళం వేస్తోంది. స్వరూప వంటింట్లో ప్రసాదం చేస్తోంది. నేను లేచి వెళ్లి స్విచ్‌ను రెండుకు తిప్పాను.

కాసేపే అనుకున్నాను. కరెంటు ఇప్పుడొస్తుంది, ఇంకాసేపట్లో వస్తుంది అనుకుంటూనే కూర్చున్నాను. రాలేదు. నామం మాత్రం తెగలేదు. హారతి అయ్యాక, ఎవరూ చూడకముందే స్విచ్‌ను మళ్లీ ఒకటికి తిప్పేశాను. ఎందుకు తిప్పాను? తప్పేం లేదనుకుంటే దాచడం ఎందుకు? ఈ ప్రశ్న దగ్గర ఎన్నిసార్లు కూలబడ్డానో.

జనం వెళ్లాక అత్తమ్మకు ఆయాసం మొదలైంది. స్వరూప పరుగున వచ్చి స్విచ్ రెండుకు తిప్పింది. మిషన్ కదిలింది, కూత పెట్టింది, ఆగిపోయింది. అత్తమ్మ పెదవులు నీలంగా మారాయి. పక్కింటివాళ్ల కారులో దవాఖానాకు తీసుకుపోయాం. దేవుడి దయ, బతికింది.

అక్కడి వరండాలో మరిది స్వరూప మీద విరుచుకుపడ్డాడు.

"రెండో బ్యాటరీ నింపి పెట్టుమని నీకు చెప్పిన్నా లేదా?"

"పొద్దుగాల సూసిన. పచ్చ లైటే ఉండె."

"పచ్చ లైటుంటె గిట్లెట్లయితది? నీయి కండ్లా, గుండీలా?"

స్వరూప నా వైపు తిరిగింది. "అక్కా, నువ్వు గుడ సూసినవ్ గద? పచ్చగనే ఉండె గద?"

"నేను పూజల ఉంటి. సూడలె."

అంతే అన్నాను. చూశాను. పచ్చ లైటు చూసే తిప్పాను.

అత్తమ్మ ఆ తర్వాత కొన్ని నెలలే ఉంది. ఉన్నన్నాళ్లూ స్వరూపను మిషన్ దగ్గరికి రానివ్వలేదు. "దాన్ని ముట్టనియ్యకుండ్రి" అనేది, ఆమె ముందే. వాడకట్టు ఆడవాళ్లు మాత్రం నన్ను మెచ్చుకున్నారు. "కరెంటు పోయినా నామం తెగనియ్యలే, మస్తు భక్తి" అన్నారు. నేను తల వంచుకుని నవ్వాను. మైకు ఆగితే నామం తెగేదా? ఇల్లంతా గొంతులే కదా. వట్టి నోటితో పాడితే దేవుడికి వినపడదా, లేక నా మొక్కు వాడకట్టుకు వినపడాలని నాకే ఆశా?

అత్తమ్మ లేదు. మిషన్ ఎవరికో ఇచ్చేశాం. గోడకు ఆ స్విచ్ ఇంకా ఉంది. కరెంటు పోతే స్వరూప నన్నే పిలుస్తుంది. "నువ్వే తిప్పక్కా, నా చెయ్యి మంచిది గాదు" అంటుంది. నాకు జ్వరం వస్తే జావ కాచి తాగించింది ఆ చెయ్యే. నేను లేచి వెళ్లి తిప్పుతాను. తిప్పి వచ్చేస్తాను.

ఆమె ముందు నిలబడి చెప్పే ధైర్యం నాకు ఇంకా రాలేదు. వస్తుందో రాదో తెలియదు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ దగ్గర ఉండేది కాదు. రాస్తుంటే మాత్రం కొంచెం ఊపిరి ఆడుతోంది.

ఆ రోజు స్విచ్ తిప్పింది నేను. పచ్చ లైటు ఉంది. స్వరూప దాన్ని నింపే ఉంచింది.