జీపు కదలని ఆ మధ్యాహ్నం

పోయిన ఆదివారం ఉదయం ఆరాధనకని నెల్లూరు బయలుదేరితే కారు స్టార్టు కాలేదు. తాళం తిప్పితే లోపల ఎక్కడో ‘టక్’మని ఒక్క చప్పుడు, అంతే. రిటైరయ్యాక నేను కొనుక్కున్న చిన్న కారు అది. కొడవలూరులో మా అక్క కూతురి ఇంటి పక్కనే నా కాపురం కనుక, ఆ పిల్ల భర్త వెంటనే ఫోను చేసి మెకానిక్కును పిలిపించాడు. వచ్చినాయన పలకలాంటి యంత్రమొకటి తెచ్చి, దాని తీగ కారుకు తగిలించి, తెర మీద అక్షరాలు చదివి, స్టార్టరు మోటారు పోయింది, మొత్తం మార్చాల్సిందే, బండిని షెడ్డుకు లాక్కుపోవాలి అని తేల్చేశాడు. బానెట్టు ఎత్తనైనా లేదు. హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పి చూడు నాయనా అని నేనంటే, నా వైపు చూడకుండా మా అల్లుడి వైపు తిరిగి, “మేడంకి తెలవదులే సార్, ఇప్పటి బండ్లు అట్టా ఉండవు” అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. నేనే కూర్చుని లైట్లు వేసి తాళం తిప్పాను. లైట్లు గుడ్డిగా అయిపోయాయి. దిగి బానెట్టెత్తి, బ్యాటరీ నుంచి బండి ఒంటికి వెళ్ళే నల్ల వైరు మీద వేళ్ళు పెట్టి తడుముకుంటూ పోతే చివర బోల్టు దగ్గర చెయ్యి చురుక్కుమంది. ఎదురింటి ఆటో ఆయన్ని అడిగి లావుపాటి వైరు తెచ్చి, బ్యాటరీ నుంచి ఇంజనుకు నేరుగా తగిలించి, మా అల్లుణ్ణి తాళం తిప్పమన్నాను. మొదటిసారికే అందుకుంది. మెకానిక్కు “లక్కు మేడం” అన్నాడు. మా అల్లుడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ రోజు సాయంత్రం దాకా నేను ఎవరితోనూ సరిగ్గా మాట్లాడకపోతే, మెకానిక్కు మాటకే ఇంత కోపమా అని ఇంట్లోవాళ్ళు ఆశ్చర్యపోయారు. నా కోపం ఆ మెకానిక్కు పుట్టకముందుదని వాళ్ళకు ఎలా చెప్పను?

ఆ విద్య నాకు నేర్పింది డ్రైవరన్న. నేను నర్సుగా కొత్తగా చేరినప్పుడు కావలి అవతల, సముద్రం వైపు ఒక చిన్న ప్రభుత్వ ఆసుపత్రిలో వేశారు. ఆ ఊరి పేరు చెప్పను. అక్కడొక పాత డీజిలు జీపు, దానికి డ్రైవరన్న. అప్పటికే నలభై దాటిన మనిషి, పొట్టిగా, నల్లగా, ఎప్పుడూ భుజాన తువ్వాలుతో ఉండేవాడు. టీకాలు వెయ్యడానికి సముద్రపు ఒడ్డున ఉండే పాలేలకు పోయినప్పుడల్లా ఆ జీపు ఎక్కడో ఒకచోట మొరాయించేది. మిగతావాళ్ళంతా తిట్టుకుంటూ నీడకు పోతే, నేను మాత్రం పక్కన నిలబడి చూసేదాన్ని. చూసేవాళ్ళు దొరికినందుకేమో ఆయన కూడా విసుక్కోకుండా చెప్పేవాడు. “ముందు లైటు చూడు సిస్టరమ్మా. తాళం తిప్పినాక లైటు ఆరిపోతే కరెంటు అందడంలే, లైటు బాగుంటే మోటారు కదలడంలే. ఆ మీదట వైరు మీద చెయ్యి పెట్టి తడుముకుంటా పో. కాలినకాడ ఆగు. రోగం ఆడే ఉంటది.” సముద్రపు ఉప్పుగాలికి వైరు పైన రబ్బరు బాగానే ఉండి లోపల రాగి పచ్చగా చివికిపోతుందని, అలాంటి వైరును ఎన్నిసార్లు మెలితిప్పి కట్టినా లాభం లేదని, మార్చాల్సిందేనని ఆయన చెప్పేవాడు.

మార్చమని కాగితం పెట్టాడు కూడా. ఒకటి కాదు, మూడు. ఆయనకు రాత అంతంత మాత్రం కనుక మూడూ నా చేతనే రాయించి, కింద సంతకం చేసి, డాక్టరుగారి బల్ల మీద పెట్టి వచ్చాడు. డాక్టరుగారు వారానికి రెండు రోజులు కనిపిస్తే గొప్ప. నెల్లూరులో ఆయనకు సొంత ఆసుపత్రి ఉండేది. ఆ కాగితాలు ఏమయ్యాయో ఎవరికీ తెలియదు.

మే నెల ఎండలో ఒక మధ్యాహ్నం, బెస్తపాలెం నుంచి తొలికాన్పు పిల్లను ఎడ్లబండి మీద తీసుకువచ్చారు. పంతొమ్మిదేళ్ళుంటాయేమో. బిడ్డ అడ్డం తిరిగి చెయ్యి ముందు బయటికి వచ్చింది. ఆపరేషను తప్ప దారి లేదు, కావలి పోవాలి. డాక్టరుగారు సెలవు పెట్టకుండానే నెల్లూరులో ఉన్నారు. పిల్లను జీపులో పడుకోబెట్టాం. డ్రైవరన్న తాళం తిప్పాడు. టక్.

ఆయన దూకి బానెట్టెత్తాడు. బ్యాటరీ నుంచి ఇంజనుకు పోయే నల్ల వైరుకు అంతకుముందు తాను మెలితిప్పి కట్టిన ముడి కాలి తెగిపోయి ఉంది. మళ్ళీ కట్టబోతే రాగి పొడిపొడిగా రాలిపోయింది. అందరం కలిసి తోశాం, ఆసుపత్రి ముందంతా ఇసుక, చక్రాలు కూరుకుపోయాయి. రోడ్డు మీద లారీ ఏదైనా కనిపిస్తుందేమోనని ఒకాయన పరుగెత్తాడు. లోపల ఆ పిల్ల అరుపులు. అప్పుడు డ్రైవరన్న తువ్వాలును నీళ్ళలో ముంచి చేతికి చుట్టుకుని, చక్రాలు విప్పే ఇనప కడ్డీ తీసుకుని, దాని ఒక కొస బ్యాటరీకి, ఇంకో కొస ఇంజనుకు అదిమిపట్టి, “తాళం తిప్పు సిస్టరమ్మా!” అని కేకేశాడు. నేను తిప్పాను. నిప్పురవ్వలు లేచాయి. తువ్వాలు కమురు వాసన కొట్టింది. ఆయన చెయ్యి తియ్యలేదు. జీపు స్టార్టయింది.

కాలిన చేత్తోనే కావలి దాకా నడిపాడు. కానీ అప్పటికే దాదాపు గంట పోయింది. తల్లి బతికింది, బిడ్డ దక్కలేదు. మగబిడ్డ.

నెల తిరక్కుండా విచారణకు ఒక పెద్ద ఆఫీసరు వచ్చారు. జీపు బాగానే ఉందని, డ్రైవరు అన్నానికని ఇంటికి పోయి ఆలస్యంగా వచ్చాడని, అందుకే బిడ్డ పోయిందని డాక్టరుగారు రాసిపెట్టారు. డ్రైవరన్న కట్టు కట్టిన చేత్తో నిలబడి కాగితాల సంగతి చెప్పాడు. ఆఫీసరు నన్ను పిలిచి, రాసింది నువ్వేనా అని అడిగారు. డాక్టరుగారు పక్కనే కూర్చుని బల్ల మీద పెన్ను దొర్లిస్తున్నారు. నా ఉద్యోగం అప్పటికింకా ఖాయం కాలేదు. ఖాయం కావాలంటే ఆయన సంతకం కావాలి. “గుర్తులేదు సార్” అన్నాను.

డ్రైవరన్న నా వైపు చూశాడు. ఆయన్ని ఉద్యోగం నుంచి తీసేశారు. నన్ను మరుసటి ఏడు ఖాయం చేశారు.

పదకొండేళ్ళ తర్వాత, ఎక్కడెక్కడో పనిచేసి మళ్ళీ ఆ వైపుకు వచ్చినప్పుడు, జువ్వలదిన్నె ఒడ్డున బోట్ల ఇంజన్లు బాగుచేస్తూ కనిపించాడు. తల నెరిసిపోయింది. నేను ఎదురుగా నిలబడి ఏడ్చాను, క్షమించమన్నాను. ఆయన ఇంజను మీద నుంచి తలెత్తలేదు. పని ఆపకుండానే అన్నాడు: “నువ్వు చెప్పుంటే నా ఉద్యోగం నిలిచేదో లేదో నాకు తెలవదు. దాని సంగతి పోనీ. ఆ బిడ్డ తల్లి ఈ పక్క పాలెంలోనే ఉండాది. అన్నం కోసరం బండి ఇడిసిపెట్టి పొయ్యి బిడ్డను చంపినానని ఇంకా అనుకుంటా ఉండాది. నా కాడ ఏడిస్తే ఏమొస్తది? పొయ్యి ఆమెకు చెప్పు.”

ఆ కోపానికి నేను తట్టుకోలేకపోయాను కానీ, అది న్యాయమని తెలుసు. అప్పుడే, అటునుంచటే పోయాను. ఆమె ఒడ్డున చేపలు ఎండబెడుతోంది, పక్కన ఇద్దరు ఆడపిల్లలు. నేనెవరో చెప్పి, కాగితాల సంగతి, వైరు సంగతి, డాక్టరుగారు ఆ రోజు ఎక్కడున్నారో, నేను ఏమని అబద్ధమాడానో, ఒక్కటీ దాచకుండా చెప్పాను. కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. “పదకొండేండ్లు. ఆయన ఎదురైతే తూ అని ఉమ్మినాను నర్సమ్మా. మా మనుషులెవురినీ ఆయన కాడికి పోనియ్యలేదు” అంది. తర్వాత చేతులు కడుక్కుని, నన్ను రమ్మనకుండానే నడిచింది. నేను వెనకే పోయాను.

ఆమెను చూడగానే డ్రైవరన్న లేచి నిలబడ్డాడు. ఆమె ఎదురుగా వచ్చి, “అన్నా, మా ఆయన బోటు ఇంజను మూడు దినాలుగా పలకడంలే. రేపు తెమ్మంటాను, చూస్తావా?” అంది. ఆయన తల ఊపాడు. వాళ్ళిద్దరూ అక్కడే ఇసుకలో కూర్చున్నారు. నన్ను కూర్చోమని ఎవరూ అనలేదు. అననందుకు నేను ఈనాటికీ వాళ్ళను తప్పుపట్టను.

డాక్టరుగారు పెద్ద పదవులు చేసి, పెద్ద సభలో శాలువా కప్పించుకుని రిటైరయ్యారు. ఆ సభకు మా సిబ్బందినందరినీ రమ్మన్నారు, నేనూ వెళ్ళాను. చప్పట్లు కొట్టలేదు, అంతకు మించి ఏమీ చెయ్యలేదు కూడా. వయసుతోపాటు కోపం చల్లారుతుందని నా వయసు వాళ్ళు చాలామంది అంటారు. నాకు మాత్రం ఆయన మీద కోపం, నా మీద కోపం రెండూ అలాగే ఉన్నాయి.

ఇప్పుడు మా సముద్రం వైపు రోడ్లన్నీ నల్లగా, నున్నగా అయ్యాయి. ఫోను చేస్తే అంబులెన్సు వస్తుంది. కాన్పుకు ఎడ్లబండి ఎక్కే ఆడపిల్ల లేదు, అది చూసినప్పుడల్లా మనసు నిండుతుంది. డ్రైవరన్న పోయి నాలుగేళ్ళయింది. అలాంటి చావు మళ్ళీ రానివ్వకుండా ఇంత మారగలిగిన మన కాలం, ఆ పాలెంలో ఆ మనిషి తలవంచుకు తిరిగిన పదకొండేళ్ళను మాత్రం ఎక్కడి నుంచీ తెచ్చి ఇవ్వలేదు.